రాలిన కాయల కేసు నేను గెలవలేదు

మా బార్ రూములో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా నల్లకోటు తొడిగిన పిల్లల్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ చెబుతారు. ఆగిరిపల్లి అవతల మామిడి తోటల్లో కూలికి వెళ్ళే ఒక ముసలావిడ తరఫున నేను నిలబడ్డానట, గాలికి రాలిన కాయ పేదవాళ్ళదే అని కోర్టు చేత అనిపించానట. ఇంకొంచెం ఊపు వస్తే, నా వాదన వింటూ జడ్జిగారు కళ్ళు తుడుచుకున్నారని కూడా కలుపుతారు.

ఆయన తుడుచుకున్నది కళ్ళద్దాలు. ఎండాకాలం, కరెంటు లేదు, చెమట. కోర్టు ఆ మాట అనలేదు. అన్నది దానికి సరిగ్గా తలకిందులు. అలా అనేందుకు దారి వేసినదాన్ని కూడా నేనే.

ఇరవై ఆరేళ్ళు నూజివీడులో ప్రాక్టీసు చేసి, యాభై రెండో ఏట కోటు విప్పి బీరువాలో పెట్టాను. ఒంట్లో బాగాలేదా అని కొందరు అడిగారు. ఎక్కడైనా స్థలాలు కలిసొచ్చాయా అని కొందరు చూపులతో అడిగారు. రెండూ కాదు. కారణం ఈ కేసు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు, ముఖ్యంగా పుస్తకాలు చదివి గుండెలు పొంగించుకుని వచ్చేవాళ్ళకు, ఇది తెలియాలని రాస్తున్నాను. తెలిస్తే ఏం ఒరుగుతుందంటే, నాకు తెలియదు.

తలకెక్కిన పాఠం

న్యాయ అవగాహన సదస్సుల్లో ఎవరో ఒకరు మైకు పట్టుకుని చెబుతూ ఉంటారు: "హక్కులు మనకు పుట్టుకతో వస్తాయి." చప్పట్లు కొడతారు. నేనూ ఆ మాట చాలాసార్లు చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు.

లా కాలేజీలో మాకు న్యాయశాస్త్ర సిద్ధాంతాలు చెప్పిన మాస్టారు అడిగించేవారు. రాజు రాసిన చట్టం పైన ఇంకో చట్టం ఉందని, దాన్ని ఎవరూ రాయనక్కరలేదని, బుద్ధి ఉన్న ప్రతి మనిషికీ అది తెలుస్తుందని పాత గ్రీకులూ రోమన్లూ అన్నారు. అదీ సహజ న్యాయం. ఇప్పటి జూనియర్లు ఆ పేరు వినగానే నోటీసు ఇచ్చి రెండో పక్షం మాట వినడం అనుకుంటారు. అది దాని చిటికెన వేలు. అసలు ఒళ్ళు చాలా పెద్దది. సరే, ఆ పై చట్టం కాస్తా మనిషి లోపల ఉండే హక్కుగా ఎప్పుడు మారింది? ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు: విప్లవాలు వచ్చాయి, రాజుల తలలు తెగాయి, ప్రకటనలు రాశారు, హక్కులు పుట్టాయి అని.

మాస్టారు ఒప్పుకునేవారు కాదు. అంతకు చాలా ముందే, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే, యూరప్‌లో చర్చి చట్టాలు చదివే పండితులు ఒక చిన్న ప్రశ్న పట్టుకుని కూర్చున్నారని చెప్పేవారు. ఆకలితో ప్రాణం పోయేవాడు, ఉన్నవాడి దగ్గర మిగిలినదాంట్లోంచి ఇంత తీసుకుంటే అది దొంగతనమా? పాపమే కానీ క్షమించవచ్చు అని కొందరన్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేశారు. వాడు దొంగ కాదు, వాడికి చెందినదే వాడు తీసుకున్నాడు అన్నారు. ఇదొక్కటే మూలమని నేననను, పండితులు ఇప్పటికీ దీని మీద జుట్లు పట్టుకుంటున్నారు. కానీ నాకు మాత్రం ఆ రోజు ఒళ్ళు ఝల్లుమంది. హక్కు పుట్టింది సింహాసనం దగ్గర కాదు, ఇంకొకడి తిండి వైపు చాచిన చేతి దగ్గర. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.

ఆ పాఠం వంటబట్టి ఊరుకుంటే బాగుండేది. తలకెక్కింది.

మా సీనియర్ గారి దగ్గర చేరిన మొదటి వారంలోనే ఒక దావాలో "సహజ హక్కుల ప్రకారం" అని రాసుకెళ్ళాను. ఆయన పంచె సర్దుకుని, పెన్ను మూత తీసి, ఆ రెండు మాటల్నీ నిలువునా కొట్టేశారు.

"ఏ సెక్షనమ్మాయ్ ఇది?"

"సెక్షను కాదండీ. సహజంగానే..."

"సహజంగా వచ్చేవి దగ్గూ తుమ్మూ. కోర్టుకి సెక్షను కావాలి. పో, మళ్ళీ రాసుకురా."

ఆయన్ని మొరటు మనిషి అనుకున్నాను. మొరటే. కానీ ఆ తరువాత నేను మోసపోయిన ప్రతిచోటా ఆయన మాట విననందుకే మోసపోయాను.

నమస్కారం పెట్టనివాడు

ఆయన దగ్గర ఉండగా వచ్చిన ఒక కేసు చెప్పాలి. మైలవరం వైపు ఒక రైతు, పక్కవాడి పొలం మీదుగా ఇరవై ఏళ్ళకు పైగా బండి తోలుకున్నాడు. ఒక్కరోజు కూడా "మీ పొలంలోంచి వెళ్తున్నాను" అని అనలేదు. పలకరించేవాడు కాదు. పండక్కి కూడా వాళ్ళ గడప తొక్కలేదు. పొలం యజమాని పోయాక వాళ్ళమ్మాయి దారికి అడ్డంగా కంచె వేసింది. ఈయన మా దగ్గరికి వచ్చాడు. దావా వేశాం, దారి హక్కు వచ్చింది.

ఆ మనిషిని నేను అసహ్యించుకున్నాను. ఇంత కాలం ఇంకొకరి నేలను తొక్కి, ఒక్క మంచి మాట అననివాడికి హక్కేమిటని సీనియర్ గారితో గొడవ పెట్టుకున్నాను.

"అననందుకే వచ్చిందమ్మాయ్. ఒక్కసారి 'బాబూ, కాస్త వెళ్ళనివ్వు' అని ఉంటే, అది వాళ్ళ దయ అయ్యేది. దయ మీద డిక్రీ రాదు" అన్నారాయన.

నవ్వేసి ఊరుకున్నాను. అదేదో ముసలాయన వెటకారం అనుకున్నాను గానీ, చట్టం అనుకోలేదు.

నాంచారమ్మ పరిగెత్తలేదు

ఇక అసలు సంగతి. అప్పటికి నేను సొంతంగా ప్రాక్టీసు పెట్టి చాలా ఏళ్ళయింది.

మా వైపు ఎండలు ముదిరాక ఒకటి రెండు గాలివానలు తప్పవు. కాయ ఇంకా పచ్చిగా ఉంటుంది, గాలికి గుత్తులు గుత్తులుగా రాలుతుంది. తెల్లవారి చూస్తే తోటలో కాలు పెట్టే చోటుండదు. ఏడాది పొడుగునా ఆ చెట్లకు పాదులు తీసి, కలుపు తీసిన ఆడవాళ్ళు పొద్దున్నే గంపలు పట్టుకుని వస్తారు. ఒక్కొక్కరు ఒక్క గంప. కొమ్మ ఊపకూడదు. ఎవరైనా అప్పటికే పోగేసిన కుప్ప ముట్టకూడదు. తోటలోకి అడుగు పెట్టేముందు కంచె దగ్గర నిలబడి "ఏరుకుంటున్నామండోయ్" అని ఒక కేక వేయాలి. లోపల ఎవరున్నా "ఏరుకోండి" అంటారు. ఆ కాయలు ఇంటికి తీసుకెళ్ళి, చీలికలు కోసి, ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటారు. వానాకాలం పని దొరకని రోజుల్లో పప్పులోకైనా పులుసులోకైనా అవే. ఇదంతా ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎక్కడా రాసి లేదు.

ఆ ఏడు ఒక తోట కాపును కొత్త షావుకారు ఒకాయన కొన్నాడు. గాలివాన పడిన మర్నాడు అయిదుగురు ఆడవాళ్ళు ఎప్పటిలాగే వెళ్ళారు. షావుకారు మోటారు సైకిలు మీద వచ్చి అరిచేసరికి నలుగురు గంపలు పారేసి పరుగెత్తారు. ఒకావిడ పరుగెత్తలేదు. ఆవిడ నాంచారమ్మ. అరవై దాటిన మనిషి. ఆవిడ మీద దొంగతనం కేసు పెట్టారు.

"నువ్వెందుకు పరుగెత్తలేదు?" అని అడిగాను, మొదటిసారి నా ఆఫీసుకు వచ్చినప్పుడు.

"దొంగతనం చేస్తే కదమ్మా పరుగెత్తడానికి."

"షావుకారు రాజీకి వస్తానంటున్నాడు. అడక్కుండా తీసుకున్నాను, ఇక మీదట తీసుకోను అని రాసిస్తే చాలట."

ఆవిడకు కోపం వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోనిది, ఆ మాటకు కూర్చుంది. "అడిగాను కదమ్మా! కేక వేశాను. కాపలా మనిషి పాకలోంచి ఏరుకోమన్నాడు. అడగలేదని ఎట్టా రాస్తాను? రేపు నా మనవరాలికి సంబంధం వస్తే, మీ నాయనమ్మ మామిడికాయల దొంగటగా అనరూ?"

ఆవిడకు కావలసింది అంతే. తను దొంగ కాదని ఎవరైనా పెద్దవాళ్ళు పదిమందిలో చెప్పాలి. ఇది గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోయాను.

షావుకారు గురించి కూడా ఒక మాట. ఆయన రాక్షసుడేం కాదు. కోర్టు వరండాలో నన్ను ఆపి, "మేడం, ఇదివరకు రాలిన కాయ అక్కడే కుళ్ళిపోయేదండీ. ఇప్పుడు దానికీ లారీ వస్తోంది. డబ్బు పెట్టి కాపు కొన్నాను. చెట్టు మీదున్నది నాది, కింద పడితే వాళ్ళదా? మీరే చెప్పండి" అన్నాడు. ఆ రోజు నేను ఆయనకు చాలా ఘాటుగా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఆయన ప్రశ్న మాత్రం గుర్తుంది.

కేక మీద గెలుపు

క్రిమినల్ కేసు తేలడానికి రెండేళ్ళు పట్టింది. నా వాదన మొత్తం ఆ కేక మీదే కట్టాను. దొంగ అయినవాడు పట్టపగలు వస్తాడా? వచ్చి, వచ్చానని అరుస్తాడా? కాపలా మనిషిని బోనులో నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ అడిగాను.

"కేక విన్నావా లేదా?"

"విన్నానండి."

"ఏమన్నావు?"

షావుకారు వైపు చూశాడు. నేల చూశాడు. "ఏరుకోండి అన్నానండి. ఏటా అంటాంగా మేడమ్‌గారండీ, అలవాటులో వచ్చేసింది."

కోర్టులో అందరూ నవ్వారు. అక్కడితో కేసు అయిపోయింది. అడిగి తీసుకుంది కాబట్టి దొంగబుద్ధి లేదని కొట్టేశారు. బార్ రూములో చెప్పుకునే గెలుపు ఇదే. ఇది నిజమే. నాంచారమ్మ బస్టాండులో సోడా బండివాడికి కూడా చెప్పింది, "నేను దొంగని కాదని జడ్జిగారు చెప్పారయ్యా" అని. నేను అక్కడ ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

సీనియర్ గారు అప్పటికి కోర్టుకు రావడం మానేశారు. ఇంటికి వెళ్ళి చెప్పాను. "బాగా చేశావు. ఇక ఇంటికి పో" అన్నారు. ఎందుకన్నారో అడగలేదు.

ఆవిడ అడగని హక్కు

తీర్పు వచ్చిన వారానికే నేను ఆ ఆడవాళ్ళను పిలిపించాను. వాళ్ళుండే పేట వాళ్ళందరి తరఫున సివిల్ దావా వేద్దాం అన్నాను. రాలిన కాయ ఏరుకోవడం మీ ఆచార హక్కు అని కోర్టు నుంచి ప్రకటన తెద్దాం, ఇక ఏ షావుకారూ అడ్డుకోలేడు అన్నాను. ఫీజు వద్దన్నాను. ఫీజు వద్దన్న లాయరును చూస్తే అనుమానించాలని నేను తరువాత నేర్చుకున్నాను. అలాంటి లాయరు ఎప్పుడూ తనకోసమే వాదిస్తూ ఉంటాడు.

నాంచారమ్మ తల గోక్కుంది. "హక్కంటే ఏంటమ్మా?"

"అంటే, ఎవరూ కాదనలేనిది."

"ఇప్పుడెవరు కాదన్నారు? ఆయనొక్కడేగా. వచ్చే ఏడు ఆయన ఉంటాడో, ఇంకో తోట కొంటాడో."

"ఇంకొకడు వచ్చి వద్దంటే?"

"మా తోడికోడలుంది కదమ్మా. అది నోరు తెరిస్తే పాత ఆసామిగారే గుమ్మం దాటేవాడు కాదు."

పక్కనే ఉన్న తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఊరుకోవే, లాయరమ్మగారి ముందు!"

"తిట్లతో ఎన్నాళ్ళు? ఆ కాయలు మీవి. మీవి అని గట్టిగా అనండి" అన్నాను.

"మావి కాదమ్మా" అంది నాంచారమ్మ వెంటనే. "చెట్టు వాళ్ళది. రాలింది తింటాం, అంతే."

అంత స్పష్టంగా ఆ విషయం ఏ పండితుడూ చెప్పలేదు. ఎవరిదీ అనకుండానే తినే మార్గం ఒకటి వాళ్ళు ఎప్పుడో కనిపెట్టుకుని హాయిగా ఉన్నారు. నేను మాత్రం దాన్ని అజ్ఞానం అనుకున్నాను. గంటసేపు మాట్లాడి వాళ్ళ చేత వేలిముద్రలు వేయించాను. "మీరు చెబితే సరేనమ్మా" అన్నారు. ఇరవై ఆరేళ్ళలో నేను విన్న మాటల్లో నన్ను ఎక్కువగా భయపెట్టవలసింది అదే. ఆ రోజు భయపడలేదు. గర్వపడ్డాను.

బోనులో

ఆచార హక్కు రుజువు కావాలంటే, ఎప్పటి నుంచో ఉందని చూపిస్తే సరిపోదు. మూడు పనులు చేసి ఉండకూడదు. బలవంతంగా తీసుకుని ఉండకూడదు. దొంగచాటుగా తీసుకుని ఉండకూడదు. అనుమతి తీసుకుని ఉండకూడదు. ఇవి నాకు తెలియక కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. బండి దారి కేసులో కళ్ళారా చూశాను. అయినా మొదటి రెండింటి మీదే దృష్టి పెట్టి, మూడోది కాగితం మీద ఒక వరుసగానే చూశాను.

తోటల వాళ్ళ తరఫున నిలబడిన అవతలి లాయరు నా కంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్థుడు. నాంచారమ్మను కసరలేదు, కంగారు పెట్టలేదు.

"ఏమ్మా, తోటలోకి వెళ్ళేముందు కేక వేస్తారటగా?"

"వేస్తామండి."

"లోపలివాళ్ళు ఏమంటారు?"

"ఏరుకోండి అంటారండి."

"అన్నాకే వెళ్తారా?"

"అన్నాకేనండి. చెప్పాపెట్టకుండా దూరడానికి మేమేమన్నా దొంగలమా?"

ఆ మాట అని నా వైపు చూసింది. మెచ్చుకుంటానని. రెండేళ్ళ కిందట ఆవిడను కాపాడిన జవాబు అదే కదా. ఆ జవాబు విలువ ఆవిడకు నేర్పినది నేనే కదా. పైగా అవతలి లాయరు చేతిలో ఆ పాత తీర్పు నకలు ఉంది, నేను గెలిచిన తీర్పు. అందులో నా వాదన నాలుగు పేరాల్లో అచ్చుపోసినట్టు ఉంది.

"వద్దంటే వెళ్తారా?"

"వద్దని ఎవరంటారండి?"

"ఒకవేళ అంటే?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. "వద్దన్నాక ఎట్టా వెళ్తామండి? బాగోదుగా."

"అంతేనండి" అని ఆయన కూర్చున్నాడు.

మళ్ళీ అడిగేది ఏమైనా ఉందా అని జడ్జిగారు నన్ను చూశారు. ఉంది. అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అదేమిటో నాకు అప్పుడు తెలియదు, ఎందుకంటే గాలివాన మర్నాడు నేను ఒక్కసారి కూడా ఆ తోట దగ్గరికి వెళ్ళలేదు. నా కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, వాళ్ళ ఆచారమంతా రాసుకున్నాను. "లేదండి" అన్నాను.

చివరి వాదన రోజున నా దగ్గర మిగిలింది పాత పాఠం ఒక్కటే. ఆ పండితుల సంగతి, ఆకలిగొన్నవాడి సంగతి, ఉన్నవాడి మిగులు సంగతి, అన్నీ చెప్పాను. జడ్జిగారు శ్రద్ధగా విన్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"చాలా బాగా చదివారమ్మా. కానీ మీ పెద్దలు చెప్పింది ఆకలితో ప్రాణం పోయేవాడి గురించి. మీ సాక్షి ఏం చెప్పింది? ఒరుగులు చేసుకుంటామంది. ఒరుగులు ఎండబెట్టుకునేవాళ్ళు చావడం లేదు కదా?"

దానికి జవాబు నాకు ఇంటికి వెళ్ళాక వచ్చింది, అందరికీ ఇంటికి వెళ్ళాకే వస్తుంది. చావు దగ్గరికి వస్తే తప్ప హక్కు రాదంటే, చావకుండా ముందే జాగ్రత్త పడినవాడికి ఆ జాగ్రత్తే శత్రువన్నమాట. నాంచారమ్మ వానాకాలానికి రెండు డబ్బాల ఒరుగులు దాచుకుంటుంది కాబట్టి ఆవిడకు హక్కు లేదు. దాచుకోకుండా పస్తు పడుకుంటే, అప్పుడు ఆలోచిస్తారు.

దావా కొట్టేశారు. ఏరుకోవడం తోటల యజమానుల దయ వల్ల, వాళ్ళ అనుమతితో సాగుతోందని, దయ ఎన్నేళ్ళు సాగినా హక్కు కాదని తీర్పు. చట్టం ప్రకారం చూస్తే తప్పు పట్టడానికి లేదు. అప్పీలు వేద్దామన్నాను. నాంచారమ్మ చేతులు జోడించింది. "ఇంకొద్దమ్మా. మా పేర్లు ఇప్పటికే చాలా కాయితాల్లో ఉన్నాయి."

ఓడిపోయిన తరువాత

ఓడిపోతే ఏమవుతుంది, ముందున్నట్టే ఉంటుంది అనుకుంటారు క్లయింట్లు. లాయర్లు కూడా అలాగే అనుకుంటారు. కేసు వేసిన తరువాత ముందున్నట్టు ఏదీ ఉండదు.

ఆ తీర్పులో ఒక పేజీని ఎవరో ఫోటో తీశారు. చాట్రాయి దాకా తోటల వాళ్ళ ఫోన్లలో తిరిగింది. అంతకు ముందు వాళ్ళలో చాలామంది తాము ఏదో ఇస్తున్నామని అనుకోనేలేదు. గాలి వస్తుంది, కాయ రాలుతుంది, ఆడవాళ్ళు వస్తారు, "ఏరుకోండి" అంటారు, ఎండ వచ్చిందని గొడుగు వేసుకున్నట్టు. ఇప్పుడు అది తమ చేతిలో ఉన్న దయ అని కోర్టు వాళ్ళకు చెప్పింది. చేతిలో ఉందని తెలిశాక మనిషి గుప్పిట మూయకుండా ఉండగలడా?

సహజ హక్కు అనేది లేదని నేననను. ఉంది. ఆ పేటలో నేను చూశాను. ఎవరూ ఇచ్చినది కాదు కాబట్టి ఎవరూ తీసేసుకోలేకపోయారు. నేను దాన్ని మోసుకెళ్ళి, ఇవ్వమని ఒకరిని అడిగాను. అడగగానే అది ఇవ్వనని చెప్పగలిగే వస్తువైపోయింది.

కాబట్టి పిల్లలూ, ఒక కోర్టులో మీరు గెలిచిన మాట రెండో కోర్టులోకి మీకంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది. క్లయింటు అడిగినది చేయండి, మీరు చదివినది కాదు. చోటు చూడకుండా ఆచారం గురించి కాగితం రాయకండి. ఈ మూడూ పాటిస్తే మంచి లాయర్లవుతారు. మంచి లాయర్లయితే నాంచారమ్మకు ఏం చేయగలిగి ఉండేవారో మాత్రం నాకు తోచడం లేదు.

ఖాళీ తోట

మరుసటి ఏడు గాలివాన పడిన మర్నాడు నేను ఆ తోట దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. స్కూటీ కంచె పక్కన ఆపేసరికి నాంచారమ్మ, తోడికోడలు, ఇంకో ఇద్దరు గంపలతో నిలబడి ఉన్నారు. తోటలో ఎవరూ లేరు. పాక తలుపు వేసి ఉంది. తడి నేల మీద పచ్చికాయలు పరుచుకుని ఉన్నాయి.

నాంచారమ్మ నోటి పక్కన చెయ్యి పెట్టుకుని, చెట్ల వైపు తిరిగి కేక వేసింది. "ఏరుకుంటున్నామండోయ్!"

కాసేపు ఆగి, లోపలికి అడుగు పెట్టబోయింది.

"ఆగాగు. లోపల ఎవరూ లేరుగా. ఎవర్ని అడిగావు?" అన్నాను.

ఆవిడ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "అడగడం ఏంటమ్మా? ఉన్నా లేకపోయినా కేక వేస్తాం. ఎవరన్నా పడుకుని ఉంటారు, నీళ్ళు పోసుకుంటుంటారు. మనిషన్నాక వస్తున్నామని చెప్పొద్దూ?"

"ఎవరూ పలక్కపోతే?"

"పలక్కపోతే ఏరుకుంటాం. ఎప్పుడూ అంతేగా."

అదీ నేను బోనులో అడగవలసిన ప్రశ్న. ఒక్క ప్రశ్న. ఆ కేక అనుమతి కోసం కాదు, మర్యాద కోసం. ఖాళీ తోటకు కూడా వేసే కేక. ఇది రికార్డులోకి వచ్చి ఉంటే, గెలిచేదాన్నో లేదో చెప్పలేను గానీ, కనీసం ఆ మూడో షరతు మీద నిలబడి వాదించడానికి కాళ్ళుండేవి. నాకు ఆ కంచె దగ్గరే కూర్చుండిపోవాలనిపించింది.

అంతలో వెనక చెట్ల మధ్య నుంచి కాపలా మనిషి వచ్చాడు. వెనకటి మనిషే, ఇదే నోటితో బోనులో "ఏరుకోండి అన్నానండి" అని ఆవిడను కాపాడినవాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. తరువాత నాంచారమ్మ వైపు చూడకుండా అన్నాడు.

"వద్దంట పిన్నీ. లారీ వస్తోంది. ఆసామిగారు గట్టిగా చెప్పారు."

"ఏంటిరా? వద్దా?"

"నన్నేం చెయ్యమంటావు? మేం ఇస్తేనే అని కోర్టే చెప్పిందిగా."

తోడికోడలు నోరు తెరిచింది. అందరం ఆవిడ తిట్ల కోసం చూశాం. ఆవిడ నా వైపు చూసి, నోరు మూసుకుంది. కోర్టు చెప్పిందంటే ఏ తిట్టు తిట్టాలో ఆవిడకు తెలియలేదు. నలుగురూ ఖాళీ గంపలు చంకన పెట్టుకుని వెనక్కి తిరిగారు. వద్దన్నాక ఎలా వెళ్తారు, బాగోదుగా.

నేను స్కూటీ నడిపించుకుంటూ నాంచారమ్మ పక్కనే రోడ్డు దాకా నడిచాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. రోడ్డు ఎక్కాక ఒకే ఒక్కటి అడిగింది. ఆ తరువాత నేను దాన్ని చాలామందిని అడిగాను. తీర్పు ఇచ్చిన జడ్జిగారు రిటైరయ్యాక ఒక పెళ్ళిలో కనిపిస్తే అడిగాను. నవ్వి, భోజనాలకు లేద్దామన్నారు. అవతలి లాయరును అడిగాను. అప్పీలు వేయవలసింది మేడం అన్నాడు. సీనియర్ గారిని ఆయన పోయే ముందు మంచం పక్కన కూర్చుని అడిగాను. కళ్ళు మూసుకున్నారు. ఇది చదివినవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. ఆవిడ అడిగింది ఇది:

"బలవంతంగా తీసుకుంటే తప్పన్నారు, చెప్పకుండా తీసుకుంటే దొంగలన్నారు, చెప్పి తీసుకుంటే మాకేం లేదన్నారు. మరి ఎట్టా తీసుకోవాలమ్మా?"